బ్యాటరీ మార్చే పని లేకుండా ఇంటి భద్రతా సెన్సార్లకు కరెంటు ఇవ్వడం ఎలా?

తలుపు సెన్సార్‌లోని నాణెం బ్యాటరీ సరిగ్గా ఏ రోజున అయిపోతుందో ఎవరూ చెప్పలేరు. దసరాకు ఊరెళ్లినప్పుడో, మేడారం జాతరకు ఇంటిల్లిపాదీ బయల్దేరినప్పుడో అయిపోతే ఇంటికి తాళం ఒక్కటే దిక్కు. అందుకే హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ వైపు పాఠకులు పదేపదే అడుగుతున్నారు: బ్యాటరీ తీసేసి నేరుగా కరెంటు ఇవ్వవచ్చా అని.

ఇవ్వవచ్చు. కానీ బ్యాటరీ తీసి, గోడ ప్లగ్గుకు అడాప్టర్ తగిలించి ఊరుకుంటే ఉన్న భద్రత కూడా పోతుంది. మన ఇళ్లలో మీటరు, దాని పక్కన కటౌట్లు చాలావరకు బయటి గోడకే ఉంటాయి. కటౌట్ లాగితే సెన్సార్లన్నీ ఒకేసారి మూగబోతాయి. కాబట్టి ఇక్కడ చెప్పే పద్ధతి ఇది: పది చోట్ల ఉన్న చిన్న బ్యాటరీలు తీసేసి, ఇంట్లో ఒకేచోట, కంటికి కనిపించేలా ఒక బ్యాకప్ పెట్టుకోవాలి. తీగ వెళ్లకూడని చోట సోలార్ పలక, సూపర్ కెపాసిటర్ (కరెంటును నింపి దాచుకునే చిన్న భాగం) వాడాలి.

ఒక హెచ్చరిక. 230 వోల్టుల వైపు పని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి. మీ చేతిలో ఉండేది 12 వోల్టులు, అంతకన్నా తక్కువ మాత్రమే.

## 1. ముందు సెన్సార్ మూత తీసి చూడండి

మూత తీయగానే అలారం మోగవచ్చు. లోపల ట్యాంపర్ స్విచ్ (మూత తీస్తే పసిగట్టేది) ఉంటుంది కాబట్టి ముందుగా హబ్‌లో, అంటే సెన్సార్ల సంకేతాలు అందుకునే పెట్టెలో, అలారం ఆపేసి పని మొదలుపెట్టండి.

బ్యాటరీ మీద రాసిన అక్షరాలను బట్టి వోల్టేజీ తెలుస్తుంది. సీఆర్2032, సీఆర్2450, సీఆర్123ఏ, వీటిలో ఏదైనా 3 వోల్టులే. ఏఏఏ బ్యాటరీలు రెండుంటే 3, మూడుంటే 4.5. కొన్ని పీఐఆర్ (మనిషి కదలికను పట్టే) సెన్సార్లలో 9 వోల్టుల చదరపు బ్యాటరీ ఉంటుంది. కొన్నిటికి పక్కనే యూఎస్‌బీ రంధ్రం కూడా ఉంటుంది. అది కేవలం ఛార్జింగుకు కాక నిరంతర వాడకానికి కూడా అని వివరణ పత్రంలో ఉంటే మీ పని సగం అయిపోయినట్టే.

ఆ తర్వాత చూడాల్సింది రేడియో. 433 మెగాహెర్ట్జ్ రకమూ, జిగ్‌బీ రకమూ (రెండూ తక్కువ కరెంటుతో నడిచే రేడియో పద్ధతులే) నిద్రలో ఉన్నప్పుడు సాధారణంగా 10 నుంచి 30 మైక్రో ఆంపియర్లు తీసుకుంటాయి. సంకేతం పంపే క్షణంలో అది 15 నుంచి 30 మిల్లీ ఆంపియర్లకు పెరుగుతుంది. వై-ఫై రకం అలా కాదు. నిద్ర లేచి రూటర్‌ను పట్టుకునేటప్పుడు 200 నుంచి 300 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది, అదీ కొన్ని సెకన్ల పాటు. ఈ తేడా తెలియకపోతే తరువాతి లెక్కలన్నీ తప్పుతాయి.

బయటి కరెంటు ఇస్తే సెన్సార్ గుణం మారుతుందని ఆశించకండి. బ్యాటరీతో నడిచే జిగ్‌బీ సెన్సార్ అడాప్టర్ మీద నడిచినా పక్క సెన్సార్ల సంకేతాలను ముందుకు పంపదు. వై-ఫై సెన్సార్ కూడా ఎప్పటిలాగే నిద్రపోయి, లేచి, ఆలస్యంగానే కబురు పంపుతుంది.

## 2. ఏ చోటుకు ఏ దారి

ఇంటి లోపలి తలుపులు, హాలు, మెట్ల కింది పీఐఆర్ సెన్సార్లకు 12 వోల్టుల ఉమ్మడి లైను మేలు. పగలు వెలుతురు పడే కిటికీలకు సోలార్ పలక, సూపర్ కెపాసిటర్ సరిపోతాయి.

ప్రహరీ గేటుకు, డాబా మీది తలుపుకు మాత్రం ఇంట్లోంచి తీగ లాగకండి. ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలులతో పిడుగులు పడినప్పుడు, ఆరుబయట పరుచుకున్న పొడవాటి తీగలోకి వచ్చే వోల్టేజీ పోటు లోపలి హబ్ దాకా వస్తుంది. ఇక డాబా మీద వేలాడే తీగ కోతుల కంట పడిందంటే దాని సంగతి వరంగల్ వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

నొక్కితేనే కరెంటు పుట్టించుకునే స్విచ్చులు కూడా దొరుకుతాయి. కాలింగ్ బెల్లుకు అవి చక్కగా పనికొస్తాయి, కాపలాకు పనికిరావు. ఎవరూ నొక్కకపోతే అవి 'నేను బతికే ఉన్నాను' అని హబ్‌కు చెప్పలేవు. కాబట్టి ఎవరైనా ఊడబెరికి తీసుకుపోయినా మీకు తెలియదు.

ఇంకో మాట. ఇల్లు కొత్తగా కడుతున్నా, గోడలకు గాడి కొట్టి వైరింగు మారుస్తున్నా ఈ తంటా అంతా ఎందుకు? ఎలాగూ తీగ వెళ్తోంది కదా, మామూలు రీడ్ స్విచ్ (అయస్కాంతానికి స్పందించే చిన్న స్విచ్) పెట్టి ఆ తీగనే అలారం ప్యానెల్‌కు కలపండి. దానికి బ్యాటరీ అవసరమూ లేదు, రేడియో అవసరమూ లేదు.

## 3. దగ్గర ఉంచుకోవాల్సినవి

- మల్టీమీటర్, సన్న మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్, హీట్ ష్రింక్ గొట్టాలు
- బ్యాటరీ బ్యాకప్ సదుపాయం ఉన్న 12 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ (230 వోల్టులను 12కు మార్చే పెట్టె), 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ సీల్డ్ బ్యాటరీ
- క్యాట్ 5 కేబుల్ (రాగిదే, రాగి పూత పూసిన అల్యూమినియం వద్దు), ప్లాస్టిక్ కేసింగ్ పట్టీ
- ఒక్కో సెన్సార్‌కు: ఎల్‌ఎం317 (వోల్టేజీ తగ్గించి నిలకడగా ఉంచే రెగ్యులేటర్) ఒకటి, 120 ఓమ్‌ల, 180 ఓమ్‌ల రెసిస్టర్లు ఒక్కొక్కటి, 0.1 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్, 470 మైక్రోఫ్యారడ్ 16 వోల్టుల కెపాసిటర్
- ఒక్కో తీగకు 500 మిల్లీ ఆంపియర్ల ఫ్యూజు, దాని హోల్డరు
- డమ్మీ (బ్యాటరీ ఆకారంలో చేసే ఉత్త ముక్క) కోసం చెక్క కడ్డీ, 3 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ముక్క, సన్నని రాగి రేకు, చిన్న ఇత్తడి మరలు

కెపాసిటర్ల మీద 105 డిగ్రీలు అని ఉన్నవే అడగండి. 85 డిగ్రీల రకమూ పనిచేస్తుంది కానీ రామగుండం ఎండల్లో పడమటి గోడకు పెట్టిన డబ్బాలో అది త్వరగా ఎండిపోతుంది.

## 4. డమ్మీ బ్యాటరీ తయారీ

సెన్సార్ లోపలి స్ప్రింగులకు నేరుగా టంకం పెట్టవద్దు. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కరుగుతుంది, వారంటీ పోతుంది, పైగా అవసరమైనప్పుడు మళ్లీ బ్యాటరీ వేసుకోలేరు. బ్యాటరీ ఆకారంలో డమ్మీ చేసి దూర్చడమే పద్ధతి.

సీఆర్2032 అడ్డుకొలత 20 మిల్లీమీటర్లు, మందం 3.2. 3 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ముక్కను గుండ్రంగా కోసి, రెండు వైపులా రాగి రేకు అతికించి, ఒక్కో రేకుకు ఒక్కో సన్నని తీగ టంకం పెట్టండి. రేకులు అంచు దగ్గర ఒకదానికొకటి తగలకూడదు. పైన ప్లస్ అని రాసి ఉండే వెడల్పు వైపు ఏదో అసలు బ్యాటరీని పక్కన పెట్టుకుని చూడండి. అసలు బ్యాటరీకి ప్లస్ పక్క అంచు మీదకు కూడా వచ్చి ఉంటుంది. కొన్ని సెన్సార్లు పై నుంచి కాక ఆ అంచు దగ్గరే ప్లస్ తీసుకుంటాయి. మీది అలాంటిదైతే ప్లస్ రేకును అంచు మీదకు మడవాలి, మైనస్ రేకును అంచుకు దూరంగా చిన్నదిగా కోయాలి.

ఏఏఏ డమ్మీకి సుమారు 10 మిల్లీమీటర్ల చెక్క కడ్డీని, మర తలతో కలిపి 44.5 మిల్లీమీటర్ల పొడవు వచ్చేలా కోసి, చివర ఇత్తడి మర బిగిస్తే చాలు. ఇక్కడ చాలామంది తికమకపడతారు. రెండు బ్యాటరీల సెన్సార్‌లో మనకు కావలసింది రెండు చివరి కొసలే. మొదటి గదిలోని ప్లస్‌కు ఒక తీగ, రెండో గదిలోని మైనస్‌కు ఒక తీగ. రెండు గదులనూ కలిపే మధ్య రేకుకు ఏమీ ఇవ్వనక్కర్లేదు. ఏ రెండు కొసల మధ్య 3 వోల్టులు వస్తున్నాయో అసలు బ్యాటరీలు లోపల ఉండగానే మీటరుతో చూసి, గుర్తు పెట్టుకుని, ఆ తర్వాతే వాటిని తీయండి.

అసలు బ్యాటరీని లోపలే ఉంచి దాని మీద బయటి కరెంటు ఇవ్వడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. సీఆర్ రకాలు ఛార్జ్ చేసేవి కావు. వాటిలోకి కరెంటు ఎక్కితే ఉబ్బుతాయి, పేలవచ్చు కూడా.

## 5. పన్నెండు వోల్టుల ఉమ్మడి లైను

3 వోల్టులు కావాల్సిన సెన్సార్‌కు 12 వోల్టులు ఎందుకు పంపాలి? లెక్క చూడండి. క్యాట్ 5 కేబుల్‌లోని ఒక్కో తీగకు మీటరుకు సుమారు 0.085 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. సెన్సార్ 20 మీటర్ల దూరంలో ఉంటే రానూపోనూ 40 మీటర్లు, అంటే 3.4 ఓమ్‌లు. వై-ఫై సెన్సార్ 300 మిల్లీ ఆంపియర్లు లాగిన క్షణంలో దారిలోనే 1 వోల్టు పోతుంది. 3 పంపితే అక్కడికి 2 మాత్రమే చేరుతుంది, సెన్సార్ ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది. 12 పంపితే 11 చేరుతుంది. అక్కడ 3కు తగ్గించుకుంటే ఆ నష్టం లెక్కలోకే రాదు.

క్రమం ఇది.

1. ఎస్‌ఎంపీఎస్, బ్యాటరీ, హబ్, రూటర్ అన్నీ లోపలి గదిలో ఒకేచోట పెట్టండి. గాలి ఆడాలి, రేకుల కప్పు కింద మాత్రం వద్దు.
2. బ్యాటరీకి వెళ్లే వోల్టేజీని, బ్యాటరీ తగిలించక ముందే కొలవండి. 13.5 నుంచి 13.8 మధ్య ఉండాలి. అంతకన్నా ఎక్కువుంటే సీల్డ్ బ్యాటరీ ఏడాది తిరగకుండానే ఎండిపోతుంది.
3. బ్యాటరీ ప్లస్ దగ్గరే 2 ఆంపియర్ల ఫ్యూజు, ఆ తర్వాత ఒక్కో తీగకు 500 మిల్లీ ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. ఇది దాటవేయడానికి వీల్లేదు. 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ షార్ట్ అయితే సన్నని తీగ ఎర్రగా కాలుతుంది.
4. తీగలను 230 వోల్టుల పైపులో కాకుండా వేరే కేసింగ్ పట్టీలో తీసుకెళ్లండి.
5. రంగులు ఒకటే నియమంగా పెట్టుకోండి. నారింజ ప్లస్, దాని జంట అయిన తెల్ల-నారింజ మైనస్ అనుకుంటే ఇల్లంతా అదే. పట్టీ లోపల ఒక కాగితం మీద రాసి పెట్టండి.

బ్యాకప్ ఎంతసేపు వస్తుంది? పది సెన్సార్ల రెగ్యులేటర్లకు సుమారు 0.1 ఆంపియర్, హబ్‌కు 0.2, రూటర్‌కు 0.5 అనుకుంటే మొత్తం 0.8. 7ను 0.8తో భాగిస్తే కాగితం మీద ఎనిమిది గంటలకు పైనే వస్తుంది. ఆచరణలో కొత్త బ్యాటరీ అయితే ఆరు గంటలు, రెండేళ్ల పాతదైతే నాలుగు గంటలు అనుకుని ఏర్పాట్లు చేసుకోండి. రూటర్‌ను ఎందుకు కలిపానంటే, అది ఆగిపోతే సెన్సార్లు పనిచేస్తున్నా మీ ఫోనుకు కబురు రాదు. మీ వీధిలో ఇంటర్నెట్ సంస్థ పెట్టెకే కరెంటు పోతే అదీ రాదు కాబట్టి, గట్టిగా మోగే సైరన్ ఒకటి ఇదే లైను మీద ఉండి తీరాలి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే కొత్త బ్యాటరీ అక్కర్లేదు. ఇన్వర్టర్ లైను మీది ప్లగ్గుకు 12 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టర్ పెడితే సరిపోతుంది. అయితే ఊరెళ్లేటప్పుడు ఇన్వర్టర్ కట్టేసి వెళ్లే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ఆ అలవాటు మానలేని ఇంట్లో ఈ పద్ధతి పెట్టకండి.

## 6. సెన్సార్ దగ్గర 3 వోల్టులకు తగ్గించడం

ఎల్‌ఎం317 మీద అక్షరాలు మీ వైపు ఉండేలా పట్టుకుంటే, ఎడమ నుంచి కాళ్లు వరుసగా ఏడీజే (వోల్టేజీ సరిచేసే కాలు), అవుట్‌పుట్, ఇన్‌పుట్. అవుట్‌పుట్‌కూ ఏడీజేకూ మధ్య 120 ఓమ్‌లు, ఏడీజేకూ మైనస్‌కూ మధ్య 180 ఓమ్‌లు పెట్టండి. 1.25 × (1 + 180/120) అంటే 3.12 వోల్టులు వస్తాయి. కొత్త సీఆర్2032 కూడా సుమారు ఇంతే ఇస్తుంది కాబట్టి సెన్సార్‌కు తేడా తెలియదు.

ఇన్‌పుట్ దగ్గర 0.1 మైక్రోఫ్యారడ్, అవుట్‌పుట్ దగ్గర 470 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్ పెట్టండి. ఈ రెండోది సెన్సార్‌కు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. వీపున ఉన్న లోహపు రేకు అవుట్‌పుట్‌కే కలిసి ఉంటుంది, ఇనుప గ్రిల్లుకు తగలనివ్వకండి.

240, 330 ఓమ్‌ల జంట వాడమని కొందరు చెబుతారు. దానివల్ల బ్యాకప్ మీద భారం కొంత తగ్గుతుంది. కానీ ఎల్‌ఎం317 నిలకడగా ఉండాలంటే 10 మిల్లీ ఆంపియర్ల దాకా కనీస భారం అవసరం కావచ్చు. సెన్సార్ నిద్రలో తీసుకునేది మైక్రో ఆంపియర్లలో కాబట్టి ఆ భారం రెసిస్టర్లే మోయాలి. 120 ఓమ్‌లతో అది ఖాయంగా అందుతుంది. నేను దీనికే ఓటు వేస్తాను.

స్క్రూ తిప్పి వోల్టేజీ మార్చుకునే రెడీమేడ్ బక్ మాడ్యూళ్లూ (వోల్టేజీ తగ్గించే చిన్న బోర్డులు) దొరుకుతాయి. కొత్తగా తెచ్చిన మాడ్యూల్ ఎంత వోల్టేజీ మీద ఉందో తెలియదు. ముందు 3 వోల్టులకు తిప్పి, స్క్రూ మీద ఒక చుక్క గోళ్ల రంగు వేసి కదలకుండా చేశాకే సెన్సార్ కలపండి.

సెన్సార్ కలిపే ముందు:

- అవుట్‌పుట్ 3.0 నుంచి 3.3 మధ్య ఉందా?
- డమ్మీ కొసల దగ్గర ప్లస్, మైనస్ సరిగ్గా ఉన్నాయా?
- టంకం పెట్టిన ప్రతిచోటా గొట్టం తొడిగారా?

## 7. తలుపుకు బిగించేటప్పుడు

సెన్సార్ ప్యాకెట్ మీది బొమ్మలో పెద్ద భాగం తలుపు రెక్కకు, అయస్కాంతం ద్వారబంధానికి ఉన్నట్టు తరచూ కనిపిస్తుంది. తీగ ఇచ్చేటప్పుడు దీన్ని తిరగేయాలి. పెద్ద భాగం కదలని ద్వారబంధానికి, అయస్కాంతం రెక్కకు. లేకపోతే తలుపు తీసి వేసినప్పుడల్లా తీగ మడత పడి, బయటికి కనిపించకుండా లోపలే తెగుతుంది.

రెండింటి మధ్య ఎడం సెంటీమీటరుకు మించకుండా చూడండి. పాత టేకు తలుపులు వానాకాలంలో ఉబ్బి, ఎండాకాలంలో సన్నబడతాయి కాబట్టి ఆ కదలికకు కాస్త చోటు వదలాలి. ఇనుప తలుపైతే అది అయస్కాంత బలాన్ని తన వైపు లాక్కుంటుంది. కింద సెంటీమీటరు మందం చెక్కముక్క వేసి దాని మీద అయస్కాంతం అతికించండి.

## 8. తీగ వెళ్లని చోట: సోలార్ పలక, సూపర్ కెపాసిటర్

ఇది 433 మెగాహెర్ట్జ్, జిగ్‌బీ సెన్సార్లకు మాత్రమే. వై-ఫై రకానికి ప్రయత్నించి సమయం వృథా చేసుకోకండి.

గది లోపల వాడేందుకు కాలిక్యులేటర్లలో ఉండే అమార్ఫస్ రకం పలక తీసుకోండి. ఆరుబయటి మామూలు పలక మసక వెలుతురులో దాదాపు పడుకుంటుంది. సెన్సార్ ఉండబోయే చోట పలక పెట్టి, దాని రెండు తీగలకూ మల్టీమీటర్‌ను మైక్రో ఆంపియర్ల మీద కలిపి మధ్యాహ్నం చూడండి. 200 మైక్రో ఆంపియర్లకు తక్కువ వస్తే ఆ చోటు పనికిరాదు.

కలిపే వరుస: పలక ప్లస్, డయోడ్, సూపర్ కెపాసిటర్, హెచ్‌టీ7330 రెగ్యులేటర్, సెన్సార్. ఎల్‌ఎం317 ఇక్కడ వద్దు. అది తన కోసమే మిల్లీ ఆంపియర్లు తింటుంది, హెచ్‌టీ7330కి కొద్ది మైక్రో ఆంపియర్లు చాలు. డయోడ్‌గా కూడా షాట్కీ రకం కాకుండా 1ఎన్4148 పెట్టండి. షాట్కీ డయోడ్లు ఎండ వేడికి వెనక్కు కారతాయి, పగలు నింపింది రాత్రి పలకలోకే పోతుంది.

సూపర్ కెపాసిటర్లలో 5.5 వోల్టులవి రెండు ఆకారాల్లో వస్తాయి. నాణెంలా ఉండే దానికి లోపలి నిరోధం ఎక్కువ, సంకేతం పంపే క్షణంలో వోల్టేజీ కూలుతుంది. రెండు చిన్న సిలిండర్లు జంటగా అతికించినట్టు ఉండే రకమే తీసుకోండి. ఎండ నేరుగా తగిలినప్పుడు పలక వోల్టేజీ 5.5 దాటితే కెపాసిటర్ పాడవుతుంది కాబట్టి దానికి అడ్డంగా 5.1 వోల్టుల జెనర్ డయోడ్ ఒకటి ఉండాలి.

ఎంతసేపు నిలుస్తుందో కూడా లెక్క వేసుకోవచ్చు. సెన్సార్, రెగ్యులేటర్, లోపలి కారుడు అన్నీ కలిపి 30 మైక్రో ఆంపియర్లు అనుకుందాం. 1 ఫ్యారడ్ కెపాసిటర్ 5 నుంచి 3.1 వోల్టులకు దిగడానికి సుమారు 17 గంటలు పడుతుంది. ఒక రాత్రికి సరిపోతుంది కానీ జులైలో ముసురు పట్టి రెండు రోజులు వెలుతురు లేకపోతే చాలదు. 4 లేదా 5 ఫ్యారడ్లు పెట్టుకుంటే మూడు రోజుల దాకా భయం ఉండదు.

మొదటిసారి పలకతోనే నింపాలని కూర్చుంటే రోజులు పడుతుంది. 5 వోల్టుల అడాప్టర్‌కు 100 ఓమ్‌ల రెసిస్టర్ కలిపి, ధ్రువాలు సరిచూసుకుని నింపండి. 1 ఫ్యారడ్‌కు ఎనిమిది, పది నిమిషాలు చాలు, 5 ఫ్యారడ్లయితే ముప్పావు గంట.

## 9. ఊరెళ్లే ముందు కాదు, వారం ముందే పరీక్షించండి

- సెన్సార్‌ను వరుసగా పదిసార్లు కదిలించి, ఆ సమయంలో దాని దగ్గర వోల్టేజీ చూడండి. 2.8 కిందికి దిగకూడదు.
- మెయిన్ స్విచ్ కట్టేసి ప్రతి తలుపూ తీయండి. ప్రతిదానికీ అలారం రావాలి.
- మెయిన్ కట్టేసి ఉండగానే రెండు గంటలు వదిలేసి మళ్లీ అదే చేయండి.
- మెయిన్ ఇంకా కట్టేసి ఉండగానే ఎస్‌ఎంపీఎస్ నుంచి బ్యాటరీని విడదీసి, లైను ఎన్ని సెకన్లలో ఆగుతుందో, అది ఆగితే మీ ఫోనుకు కబురు వస్తుందో లేదో చూడండి.

చౌక 433 మెగాహెర్ట్జ్ సెన్సార్లలో చాలావాటికి, కరెంటు పోతే పోయినట్టు చెప్పే ఏర్పాటే లేదు. హబ్ దృష్టిలో అవి ఎప్పుడూ క్షేమమే. అలాంటివి ఉంటే వారానికోసారి ప్రతి తలుపూ తీసి చూడడం తప్పదు. మిగతా రకాల్లోనూ యాప్ ఎప్పుడూ 'బ్యాటరీ 100 శాతం' అనే చూపిస్తుంది. దాన్ని నమ్మకుండా, సెన్సార్ చివరిసారి ఎప్పుడు పలికిందో ఆ సమయం చూడండి.

## 10. సాధారణంగా వచ్చే చిక్కులు

అడాప్టర్ పెట్టాక సంకేతం దూరం తగ్గింది. చౌక ఎస్‌ఎంపీఎస్ చేసే రేడియో రొద కారణం. దాన్ని హబ్ యాంటెన్నాకు మీటరు దూరం జరపండి, తీగకు ఫెర్రైట్ బిళ్ల తొడగండి. డమ్మీ తీగను సెన్సార్ లోపలి యాంటెన్నా మీదుగా కాకుండా అవతలి వైపు నుంచి బయటికి తీయండి.

పవర్ బ్యాంకు పెడితే కొద్దిసేపటికే ఆగిపోతోంది. చాలా పవర్ బ్యాంకులు వాడకం మరీ తక్కువగా ఉంటే ఫోను నిండిందనుకుని ఆగిపోతాయి. రూటర్ల కోసం అమ్మే 12 వోల్టుల చిన్న యూపీఎస్ వాడండి.

ఇనుప తలుపు ముట్టుకుంటే జిల్లుమంటోంది. రెండు పిన్నుల అడాప్టర్ నుంచి వచ్చే లీకేజీ. తీగ లేదా రెగ్యులేటర్ రేకు ఎక్కడో లోహానికి తగులుతోంది. తగలకుండా చేసి, ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ఎస్‌ఎంపీఎస్‌కు మారండి.

3.7 వోల్టుల ఫోను బ్యాటరీ నేరుగా పెట్టవచ్చా? వద్దు. నిండినప్పుడు అది 4.2 వోల్టులు. 3 వోల్టుల సెన్సార్లలోని చిప్‌లు చాలావరకు 3.6 దాటితే ఓర్చుకోవు.

కరెంటు వచ్చిపోయినప్పుడల్లా అర్ధరాత్రి అలారం మోగుతోంది. కొన్ని సెన్సార్లు తిరిగి మొదలవగానే ఒక సంకేతం పంపుతాయి. అంటే కరెంటు పోయిన క్షణంలో మీ 12 వోల్టుల లైను కూడా ఆగుతోందన్నమాట. బ్యాటరీ ఫ్యూజు పోయిందేమో చూడండి. ఫ్యూజు బాగుంటే మెయిన్ కట్టేసి, లైను మీద భారం ఉండగా బ్యాటరీ వోల్టేజీ కొలవండి. అది వెంటనే 11 కిందికి పడిపోతే బ్యాటరీ మార్చాల్సిందే.